స్తంభం వెనక సీటు

మాజీ సభ్యుడు ఎవరైనా పోయారంటే మా గదికి ఒక కాగితం వస్తుంది. పుట్టిన తేదీ, చదువు, వృత్తి, ఎన్నిసార్లు పోటీ చేశారు, ఎన్నిసార్లు గెలిచారు, ఎంత తేడాతో, సభలో ఎన్ని ప్రసంగాలు. ఆ ఖాళీలు నింపి సాయంత్రం ఐదులోగా కార్యదర్శిగారికి ఇవ్వాలి. మర్నాడు పదకొండింటికి సభాపతి దాన్ని చదువుతారు, అందరూ లేచి రెండు నిమిషాలు తలలు దించుకుంటారు, ఆ తర్వాత మామూలుగా ప్రశ్నోత్తరాలు. ముప్పై మూడేళ్ల ఉద్యోగంలో ఇలాంటి కాగితాలు ఎన్ని నింపానో లెక్కే లేదు. ఏ ఒక్కదానిలోనూ గడి ఖాళీగా వదల్లేదు. ఈయన కాగితంలో ఒకటి వదిలాను.

రిపోర్టర్ని అంటే పేపరు రిపోర్టరు అనుకునేరు. కాదు. మా ప్రాంతీయ పార్లమెంటులో, సభాపతి కుర్చీ కింద, సభ నడిమధ్యలో ఒక పొడుగాటి బల్ల ఉంటుంది. దాని దగ్గర ఇద్దరిద్దరం కూర్చుని, పది నిమిషాలకోసారి జంటలు మారుతూ, సభలో పలికిన ప్రతి మాటా షార్ట్‌హ్యాండ్‌లో రాసుకుంటాం. రికార్డింగులు వచ్చినా మేము పోలేదు. యాభైమంది ఒకేసారి అరిస్తే మైకుకి గోల వినబడుతుంది, మాకు మాటలు వినబడతాయి. ఈ మాట నేను ఎవరితోనైనా పందెం కాసి చెప్తాను.

ఆయన కాగితంలో ఎన్నికల గడి నింపడం తేలిక. వృత్తి, నీటి పంపుల మెకానిక్. ఆరుసార్లు పోటీ. మొదటిసారి మూడు వేల నూట నలభై ఓట్లతో ఓటమి. తర్వాత వరసగా నాలుగు గెలుపులు: ఆరు వందల పదకొండు, నాలుగు వేల తొమ్మిది వందల రెండు, రెండు వేల డెబ్బై ఏడు, తొమ్మిది వేల మూడు వందల పద్దెనిమిది. ఆరోసారి, అంటే పదకొండేళ్ల కిందట, రెండు వందల పన్నెండు ఓట్లతో ఓటమి. మళ్లీ పోటీ చెయ్యలేదు. ఇరవై ఏళ్లు సభలో ఉన్న మనిషి. చివరి గడి: ప్రసంగాలు. మా సూచిక పుస్తకం తీస్తే ఆయన పేరు ఉంది, పేరు పక్కన ఏ పేజీ నంబరూ లేదు.

ఆ గడిలో 'లేవు' అని రాయాలి. రెండక్షరాలు. మధ్యాహ్నం రెండైనా రాయలేక కూర్చున్నాను.

అప్పుడొచ్చింది ఆయన కూతురు.

ముప్పై ఐదేళ్లుంటాయేమో. భుజాన బ్యాగు, చేతిలో గేటు దగ్గరిచ్చిన పాసు. ఆసుపత్రి ల్యాబులో రక్తపరీక్షలు చేస్తానని చెప్పింది. తండ్రి పోయి అప్పటికి ఎనిమిది రోజులు. "కూర్చోమ్మా" అన్నాను. కూర్చోలేదు.

"లైబ్రరీకి వెళ్లానండీ. మా నాన్న మాట్లాడినవి కావాలన్నాను. ఏమీ లేవన్నారు. ఏమైనా అడగాలంటే రిపోర్టర్ల గదిలో మిమ్మల్ని అడగమన్నారు. ఒక్కటి చాలు మేడం. ఒక్క పేజీ."

"ఎందుకమ్మా ఇప్పుడు?" అన్నాను. నా నోటికి మంచీ చెడూ తెలియదు.

అప్పుడు కూర్చుంది. "చివరి ఎలక్షన్లో అవతలి వాళ్లు కరపత్రం వేశారు, మీకు తెలుసా? 'ఇరవై ఏళ్లు, సున్నా మాటలు' అని. కింద మీ పుస్తకంలో పేజీ ఫొటో. మా వీధిలో ప్రతి గోడకీ అదే. నేను పనిచేసే చోట లిఫ్టులో కూడా అంటించారు. నాన్న ఓడిపోయి ఇంటికొచ్చిన రోజు ఆ కాగితం ఆయన ముందు పడేసి అడిగాను, ఒక్క మాటైనా మాట్లాడలేకపోయావా నాన్నా, నోరు పడిపోయిందా అని. 'మాట్లాడానమ్మా, వాళ్లకి వినబడలేదనుకుంటా' అన్నాడు. సాకులు చెప్పకు అన్నాను. ఆ తర్వాత ఆ సంగతి మేమిద్దరం మళ్లీ ఎత్తలేదు. ఇప్పుడు మనిషి లేడు. మా నాన్న నాకు అబద్ధం చెప్పాడా లేదా, అదొక్కటి తెలిస్తే చాలు."

ఆ అమ్మాయి ముందుకి నీళ్ల గ్లాసు జరిపాను.

మా పనిలో ఒక రూలుంది. అది చెప్పకపోతే ఈ కథ ఎవరికీ అర్థం కాదు. సభాపతి పేరు పెట్టి పిలిస్తే లేచి మాట్లాడినవాళ్ల పేరు పుస్తకంలో ఉంటుంది. పిలవకుండా, కూర్చున్న చోటు నుంచే ఎవరైనా మాట విసిరితే, మాట్లాడుతున్న మొహం రిపోర్టరు కళ్లారా చూస్తేనే పేరు రాయాలి. చూడకపోతే 'ఒక సభ్యుడు' అని రాసి మాట రాయాలి. గొంతు గుర్తుపట్టాను అంటే కుదరదు.

ఆ రూలు నా నెత్తికెక్కడానికి నా కారణం నాకుంది. ఉద్యోగంలో చేరిన ఏడాదే, సభలో అన్నదమ్ములిద్దరు ఉండేవారు, వాళ్లిద్దరిదీ అచ్చం ఒకటే గొంతు. ఒకాయన ఎవరినో "కూర్చోరా గాడిదా" అన్నాడు. నేను తలెత్తకుండా రెండో ఆయన పేరు రాసేశాను. ఆ రెండో ఆయన ఆ రోజు జ్వరమొచ్చి సభకే రాలేదు! సభంతా నవ్వు, నాకు మెమో, ఏడాదిపాటు ఇంక్రిమెంటు బందు. ఆ రోజు ఒట్టేసుకున్నాను, మొహం చూడకుండా బ్రహ్మదేవుడి పేరైనా రాయనని.

ఇక ఆయన సంగతి. మొదటిసారి గెలిచి ప్రమాణం చెయ్యడానికి లేచినప్పుడు బల్ల దగ్గర నేనే ఉన్నాను. ఆయనకి నత్తి. మామూలు నత్తి కాదు, పదిమంది చూస్తుంటే మాట గొంతులోనే ఇరుక్కుపోయేది. అరనిమిషం ప్రమాణానికి నాలుగు నిమిషాలు పట్టింది. వెనక వరసల్లో కిసుక్కుమన్నారు. నత్తి రాయకూడదని కూడా మాకు రూలే, కాబట్టి కాగితం మీద ఆ ప్రమాణం నున్నగా వచ్చింది. మర్నాడు ఆయన వెళ్లి ఎనభై ఏడో నంబరు సీటు అడిగి తీసుకున్నాడు. మూడో స్తంభం వెనక ఒంటి సీటు. అక్కడ మైకు సరిగ్గా పనిచెయ్యదు, మా బల్ల దగ్గర్నుంచి చూస్తే మనిషి ఉన్నాడో లేడో తెలియదు. మేము ఆయన్ని స్తంభంగారు అనేవాళ్లం. మరి ఓట్లెలా పడ్డాయంటారా? వేదిక ఎక్కేవాడు కాదట. గడపగడపకీ వెళ్లి, పాడైన పంపుంటే బాగుచేస్తూ, ఒక్కొక్కరితో మాట్లాడేవాడట. ఒక్క మనిషితో అయితే నత్తి ఉండేది కాదు.

స్తంభం చాటునా ఉండేది కాదు. ఆ సంగతి సభ మొత్తం మీద నాకొక్కదానికే తెలుసు.

లేచి బీరువా తీశాను. కింది అరలో పాత నోటుపుస్తకాలు. అచ్చయిన రెండేళ్లకి వాటిని తగలబెట్టాలి. కొన్ని నేను తగలబెట్టలేదు. ఎందుకని అడిగితే అప్పట్లో అయితే చెప్పలేకపోయేదాన్ని.

"ఇటు చూడమ్మా. ఈ గీతలు నీకు అర్థం కావు. ఈ అంచున నిలువుగా గీసిన గీత చూడు. అది స్తంభం. అంటే మీ నాన్న."

ఆ అమ్మాయి నా వంక చూసింది, పుస్తకం వంక చూసింది.

చదివి వినిపించాను. ఒక మంత్రిగారు కొత్త వంతెన గురించి ఇరవై నిమిషాలు ఊదరగొట్టారు. ఆయన గుక్క తిప్పుకుంటుంటే స్తంభం వెనకనుంచి ఒక గొంతు, తొణక్కుండా: "అవతలి ఒడ్డున రోడ్డుందా?" మంత్రిగారు కాగితాలు అటూ ఇటూ తిప్పారు. లేదు. వంతెన దిగితే గడ్డి. ఆరునెలల్లో రోడ్డు పడింది. ఇంకోసారి, పింఛను దరఖాస్తు ఆరు పేజీలు చేశారు. "చదువు రానివాళ్లు దాన్ని ఎవరిచేత నింపించుకోవాలి?" అంది ఆ గొంతు. ఆరు పేజీలు ఒక పేజీ అయింది. మరోసారి ఆసుపత్రుల మీద చర్చ. "మందుల గది తాళం ఎవరి దగ్గరుంటుంది?" బాధ్యత గల అధికారి దగ్గర అన్నారు మంత్రిగారు. "ఆయన ఇల్లు ఎంత దూరం?" పద్నాలుగు కిలోమీటర్లని తేలింది. ఆ నెలలోనే ఉత్తర్వు వచ్చింది, రెండో తాళంచెవి డ్యూటీ నర్సు దగ్గర ఉండాలని.

"ఆగండి," అంది. "రెండో తాళంచెవి? మా ఆసుపత్రిలో నర్సుల గదిలో ఎర్రతాడుకి కట్టి వేలాడుతుంటుంది. రోజూ చూస్తాను. ఆ రూలు... మా నాన్నదా?"

"మీ నాన్నదే."

రెండు చేతులతో మొహం కప్పుకుంది. నేను ఊరుకుంటే బావుండేది. ఆ అమ్మాయి అడిగిందానికి జవాబు దొరికింది, మా నాన్న అబద్ధం చెప్పలేదు అనుకుంటూ ఇంటికి వెళ్లేది, నన్ను దేవతలా తలుచుకునేది. కానీ తనే తలెత్తి అడిగింది: "పేరు లేని శాంపిల్ వస్తే మేము పారేస్తాం మేడం. ఇన్ని మాటలకి పేరెందుకు లేదు?"

రూలు చెప్పాను. మొహం కనబడకపోతే పేరు రాయకూడదని. మామూలుగా ఎవరి మాటలు వాళ్లకి పంపి, పదిహేను రోజుల్లో తప్పులుంటే దిద్దమంటామని, 'ఒక సభ్యుడు' మాటలు ఎవరికీ పంపమని. విన్నది. అంతా సబబుగానే ఉందన్నట్టు తలూపింది. అలా తలూపడం నేను భరించలేకపోయాను.

"ఇంకోటుంది. పోలింగు పది రోజులుందనగా మీ నాన్న ఈ గదికి వచ్చారు. నువ్వు కూర్చున్న కుర్చీలోనే కూర్చున్నారు. చేతిలో ఆ కరపత్రం. నత్తి లేకుండానే అడిగారు, గదిలో నేనొక్కదాన్నే కదా. 'అమ్మా, ఆ మాటలు నావని మీకు తెలుసు కదా? ఒక్క ముక్క రాసివ్వండి, మా వాళ్లకి చూపించుకుంటాను' అన్నారు."

"మీరేమన్నారు?"

"నేను మొహం చూడలేదండీ, అన్నాను."

"అంతేనా?"

"అంతే. 'మీ గొంతు మా బల్లదాకా ఎప్పుడూ వినబడలేదు' అని కూడా అన్నాను. ఆయన ఒక్క నిమిషం అలా చూసి, 'నిజమేలెండి, స్తంభం అడ్డం కదా' అని నవ్వి, మీ టైము పాడుచేశానని నమస్కారం పెట్టి వెళ్లిపోయారు. రెండు వందల పన్నెండు ఓట్లతో ఓడిపోయారని ఇక్కడే, ఈ కుర్చీలోనే విన్నాను. ఇరవై ఏళ్లు ఆయన గొంతు నిద్రలో కూడా గుర్తుపట్టేదాన్ని. మెమో వస్తుందని భయపడి అబద్ధం ఆడాను. అబద్ధం ఆడింది నేనమ్మా, మీ నాన్న కాదు."

అరుస్తుందనుకున్నాను. అరిస్తే నా బరువు కొంత తగ్గేది. అరవలేదు. నా బల్ల మీది సూచిక పుస్తకాన్ని దగ్గరికి లాక్కుని తండ్రి పేరు మీద వేలు పెట్టింది.

"ఓడిపోయినందుకు కాదు మేడం," అంది. "ఓటమి ఆయనకి కొత్త కాదు. మా నాన్నకి చిన్నప్పట్నుంచీ ఒకటే భయం, తన మాట బయటికి రాదని. మీరు వినబడలేదన్నాక ఆయన నిజంగానే నమ్మాడు. 'నా గొంతు అంత దూరం వెళ్లలేదేమో, నేను పైకి అన్నాననుకుని లోపలే అనుకున్నానేమో' అని తనలో తను గొణుక్కుంటుంటే ఒకసారి విన్నాను. ఆ తర్వాత ఫోనెత్తడం మానేశాడు. కూరగాయల కొట్లో కూడా చీటీ రాసిచ్చేవాడు. పదకొండేళ్లు. వినబడింది అని మీరు ఆయనకొక్కడికి చెప్పినా సరిపోయేది. కాగితం కూడా అక్కర్లేదు."

బ్యాగు భుజానికి తగిలించుకుని లేచింది.

వెళ్తూ గుమ్మం దగ్గర ఆగింది. "రేపు గ్యాలరీలో కూర్చోడానికి పాసిచ్చారు. చదివే కాగితంలో ఇవి ఉంటాయా?"

"అడుగుతాను," అన్నాను.

నోటుపుస్తకాలు ముందేసుకుని గీతలు లెక్కపెట్టాను. నలభై ఒకటి. ఒక్కోదాని తేదీ, మాట, ఫలితం తెల్లకాగితం మీద రాసి, నాలుగున్నరకి కార్యదర్శిగారి గదికి పట్టుకెళ్లాను. ఆయన నాకంటే పదిహేనేళ్లు చిన్న. చెడ్డవాడు కాదు, కాకపోతే ఫైలు దాటి ఆలోచించమంటే ఒళ్లు నొప్పులు. పూర్తిగా చదివి, కాగితం బోర్లా పెట్టారు.

"అచ్చయిన పుస్తకం మారదమ్మా. తప్పుందంటే సభ్యుడు స్వయంగా రాసివ్వాలి. ఆయన లేరు."

"ఉన్నప్పుడు వచ్చి అడిగారండీ. నేనే తిప్పి పంపేశాను."

"ఆ మాట నేను వినలేదు. ఈ నోటుబుక్కులు మీ బీరువాలో ఎందుకున్నాయో నేను అడగను, మీరూ చెప్పకండి. మూడు నెలల్లో రిటైరవుతున్నారు, ప్రశాంతంగా వెళ్లండి." పెన్ను తీసి, నేను ఖాళీగా వదిలిన గడిలో తనే రాశారు. లేవు.

నేనేం చేశాను? ఏమీ చెయ్యలేదు. ముప్పై మూడేళ్లుగా ఎలా తలూపానో అలాగే తలూపి బయటికొచ్చాను. నా మీద నాకే ఒళ్లు మండింది.

మర్నాడు పదకొండింటికి బల్ల దగ్గర నా వంతు. వంతు మార్చుకుందామని కూడా అనుకున్నాను, అదీ చెప్పేస్తున్నాను. నా పక్కన నా జంట. పన్నెండేళ్ల కిందట చేరినప్పుడు వాడికి పని నేర్పింది నేనే. గొంతుని నమ్మకు, మొహం చూడు అని వాడి బుర్రలో మేకులా దిగ్గొట్టింది నేనే. తలెత్తి చూస్తే గ్యాలరీ మొదటి వరసలో ఆ అమ్మాయి. ఒళ్లో బ్యాగు, బ్యాగు మీద రెండు చేతులు. మూడో స్తంభం వెనక సీటులో ఎవరో కుర్రసభ్యుడు ఫోను చూసుకుంటున్నాడు.

సభాపతి చదవడం మొదలుపెట్టారు. పంపుల మెకానిక్. ఆరుసార్లు పోటీ. నాలుగుసార్లు గెలుపు. అంకెలన్నీ చదివారు. నా చెయ్యి దానంతట అది రాసుకుపోతోంది. ప్రసంగాల గడి దగ్గర ఆయన ఒక్క క్షణం ఆగారు. చచ్చిపోయిన మనిషి గురించి 'లేవు' అని చదవడం బాగుండదనిపించింది కాబోలు, పాపం, మంచి మనసుతోనే సొంతంగా రెండు ముక్కలు కలిపారు.

"ఇరవై సంవత్సరాల్లో ఈ సభలో ఆయన గొంతు ఒక్కసారి కూడా వినిపించకపోయినా, ఆ మౌనమే ఆయనకి అలంకారం."

పైన ఆ అమ్మాయి తల దించుకుంది.

నా పెన్ను ఆగిపోయింది. ముప్పై మూడేళ్లలో సభ నడుస్తుండగా నా పెన్ను ఆగడం అదే మొదటిసారి. నేను లేచి నిలబడ్డానని నాకు తెలియదు. కుర్చీ వెనక్కి పడిన చప్పుడుకి తెలిసింది.

"వినిపించిందండీ," అన్నాను.

సభాపతి కళ్లజోడు పైనుంచి చూశారు. సభ మొత్తం మా బల్ల వైపు తిరిగింది. మేము బల్లలో భాగం, మేము మాట్లాడతామని వాళ్లెవరికీ తెలియదు. మార్షల్ నా వైపు రెండడుగులు వేసి, నన్ను ఏం చెయ్యాలో తోచక నిలబడిపోయాడు.

నేను సభాపతిని చూడలేదు. గ్యాలరీ వైపు చూసి చెప్పాను.

"నలభై ఒక్కసార్లు వినిపించింది. ప్రతి మాటా నా బల్లదాకా వచ్చింది. స్పష్టంగా వచ్చింది. మందుల గది తాళం ఎవరి దగ్గరుంటుంది అని ఆయనే అడిగారు. వంతెనకి అవతల రోడ్డుందా అని ఆయనే అడిగారు. అవన్నీ రాసింది నేను, పేరు రాయనిది కూడా నేనే. ఆయన వచ్చి అడిగితే వినలేదని అబద్ధం చెప్పాను. విన్నాను. ఆయన గొంతు చిన్నది కాదు."

ఎవరూ కిసుక్కుమనలేదు. ఆ అమ్మాయి లేచి నిలబడి, రెయిలింగు పట్టుకుని నా వంకే చూస్తోంది. క్షమించిందని నేను అనుకోవడం లేదు. వింటోంది, అంతే.

కూర్చుందామంటే కుర్చీ కిందపడి ఉంది. పక్కన నా జంట పెన్ను గాల్లో పట్టుకుని, మొహం పాలిపోయి నన్ను చూస్తున్నాడు. మాటలన్నీ రాసేశాడు. వాటి ముందు జాగా ఖాళీగా వదిలాడు.

"మేడం," అన్నాడు గుసగుసగా, "ఎవరన్నారని రాయను?"

"మొహం చూశావు కదరా," అన్నాను. "పేరు రాయి."